దామెర్ల రామారావు: ఇంట వెలసిన చిత్రశాల

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తెలుగువారి ఇళ్ల గోడలమీద ఎక్కువగా కనిపించినవి రవివర్మ బొమ్మల అచ్చు ప్రతులు. లక్ష్మి, సరస్వతి, శకుంతల, దమయంతి పటాలు కట్టించుకొని పూజాగదిలోనో, వసారాలోనో వేలాడదీసుకొనేవారు. అంతమాత్రంచేత మనకు సొంత చిత్రకళ లేదనుకోరాదు. లేపాక్షి కుడ్యచిత్రాలు, కాళహస్తి కలంకారీ వస్త్రాలు, జనగామ ప్రాంతాన చేర్యాల నకాషీ పటాలు తరతరాలుగా వెలుగొందుతూనే ఉన్నాయి. నకాషీ కుటుంబాలలో చిత్రరచన ఇంటి పని. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించడం మొదలు రంగులు నింపడం వరకు ఇంటిల్లిపాదికీ అందులో పాలుంటుంది. అయితే, కళాశాల మెట్లెక్కిన యువకుడు ఉద్యోగం వైపు చూడక, బొమ్మలు వేయడమే జీవితమని ఇంట కూర్చోవడం ఆ కాలంలో వింత. ఆ వింతకు పూనుకొన్నవారు దామెర్ల రామారావు.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. అది కందుకూరి వీరేశలింగం సంస్కరణోద్యమంతో మేల్కొన్న పట్టణం. పక్కనే గోదావరి, ఎగువన పాపికొండలు. బొమ్మలు గీయాలన్న కోరిక ఆయనకు చిన్ననాడే కలిగింది. దానికి దారి చూపిన వ్యక్తి ఒక ఆంగ్లేయుడు.

ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆయన కవి, చిత్రకారుడు. తెల్లదొరలు నేటివుల కళను చిన్నచూపు చూస్తున్న రోజులలో ఆయన తన విద్యార్థులకు ఈ దేశపు శిల్పాన్నీ, చిత్రకళనూ చూడమని నేర్పారు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు వంటివారు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే. రామారావు చేతిలోని శక్తిని గుర్తించి, ఆ బాలుడికి పరీక్షల చదువుకన్న చిత్రకళాభ్యాసమే మేలని కూల్డ్రే నిశ్చయించారు. పరపాలనలో ఇటువంటి గురువు దొరకడం మన అదృష్టమనే చెప్పాలి.

ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి వెళ్లి సర్ జంషెడ్జీ జీజీభాయ్ కళాశాలలో చేరారు. అక్కడి శిక్షణ ఐరోపా పద్ధతిలో సాగేది. మనిషిని ఎదుట నిలబెట్టి శరీర నిర్మాణాన్ని అభ్యసించడం, వెలుగునీడల తారతమ్యం గుర్తించడం, తైలవర్ణాలను వాడడం అక్కడ పాఠాలు. రామారావు వాటిని సాధించి 1920 నాటికి చదువు ముగించుకొన్నారు.

ఇక ఎక్కడ ఉండాలి? చిత్రాలు కొనే ధనవంతులు, ప్రదర్శనలు, పత్రికలు అన్నీ బొంబాయిలోనో కలకత్తాలోనో ఉన్నాయి. రాజమండ్రిలో అవేవీ లేవు. ఆ రోజులలో తెలుగునాట చిత్రాన్ని వెల యిచ్చి కొనే అలవాటు బహు తక్కువ. బొంబాయిలో నిలిచిపోతే రామారావుకు పేరు, డబ్బు తేలికగానే వచ్చి ఉండేవి. ఆయన తన ఊరికే తిరిగి వచ్చారు. బొంబాయిలో చేర్చుకొన్న నైపుణ్యాన్ని ఆ ఊరి మనుషులమీద, ఆ ఊరి నదిమీద వెచ్చించారు. ఇంటనే కుంచె పట్టారు.

ఇంటిని చిత్రశాలగా చేసుకోవడంలో కష్టం లేకపోలేదు. బొంబాయి కళాశాలలో చిత్రకారుని ఎదుట కూర్చొనడానికి కూలి తీసుకొనే మనుషులుండేవారు. రాజమండ్రిలో ఆ ఆచారమే లేదు. చుట్టూ ఉన్న లోకమే ఆయనకు నమూనా. ఆయన మిగిల్చిపోయిన చిత్తుగీతల పుస్తకాలను తిరగవేస్తే ఆ దినచర్య కొంత తెలుస్తుంది. పూర్తయిన చిత్రంలో కనిపించే ఒక మెడవంపు, ఒక చేతి విరుపు వెనుక ఎన్నో పెన్సిలు గీతల సాధన ఉంది. రోజూ గీయనివాడికి ఆ రేఖ అంత సులువుగా లొంగదు.

ఆ ఇంట కుంచె పట్టినది ఆయన ఒక్కరే కాదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకళను అభ్యసించారు. ఆడపిల్లకు అక్షరాలు నేర్పడమే పెద్ద సంస్కరణగా భావించిన కాలమది. మన స్త్రీలు తెల్లవారకముందే వాకిట చుక్కలు పెట్టి, గీత చెదరకుండా ముగ్గులు తీర్చేవారు. ఆ చేతికి కాగితం, రంగులు అందించాలని ఎవరికీ తోచలేదు! రామారావు ఇంట ఆ పని జరిగింది. బుచ్చికృష్ణమ్మ చిత్రాలు తొలి తరం తెలుగు చిత్రకారిణులలో ఆమెకు స్థానం సంపాదించి పెట్టాయి. రామారావు చేసిన పనులన్నింటిలో దీనికి తగినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

రామారావు చిత్రాలలో ఋష్యశృంగ బంధనం, సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, నందిపూజ ప్రసిద్ధాలు. ఋష్యశృంగుని కథ మనకు తెలిసినదే. స్త్రీని ఎన్నడూ చూడని మునికుమారుడు. అతడు అడుగుపెడితే గాని అంగదేశంలో వాన కురవదు. అతణ్ణి తీసుకురావడానికి వారకాంతలు అడవికి వెళతారు. కథలో శృంగారం ఉంది, కరవు ఉంది, మోసమూ ఉంది. సిద్ధార్థ రాగోదయంలో ఆయన ఎన్నుకొన్న ఘట్టం మరొక విధమైనది. బుద్ధుడనగానే చిత్రకారులు సర్వసంగ పరిత్యాగాన్నో, బోధివృక్షాన్నో తలచుకొంటారు. రామారావు ఆ రాకుమారుని మనసులో అనురాగం పొడసూపిన క్షణాన్ని చిత్రించారు.

పుష్పాలంకరణకు పురాణకథతో పనిలేదు. పూలతో సింగారించుకొనే స్త్రీలే అందులో కథ. ఇటువంటి దృశ్యం ఏ ఇంటిలోనైనా కనబడేదే. అజంతా చిత్రాలలోని రేఖా లాలిత్యమూ, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానమూ ఈ చిత్రంలో ఒకటైనాయి. ఆ కాలంలో వంగదేశపు చిత్రకారులు రంగుమీద నీటిని పారించి, పొగమంచు కప్పినట్లు మసకగా చిత్రించేవారు. మచిలీపట్నం జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ ఆ సంప్రదాయాన్నే బోధించారు. రామారావు దానిని గౌరవించారు గాని అనుకరించలేదు. ఆయన మనుషులకు బరువుంది, చర్మానికి గోదావరి సీమ ఎండ తగిలిన ఛాయ ఉంది. తూర్పు కనుమల నడుమ సాగే గోదావరిని చిత్రించినప్పుడు కూడా ఆయన కన్ను ఊహాలోకం వైపు పోలేదు. ఎదుట ఉన్న కొండనూ నీటినీ చూచింది.

రాజమండ్రిలో గీసిన ఆ చిత్రాలు దూరదేశాలకు ప్రయాణం చేశాయి. కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగ బంధనం బహుమతి పొందింది. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలకు చోటు దక్కింది. ఊరు విడిచి పోతేనే పేరు వస్తుందనే లోకాభిప్రాయానికి ఇది జవాబు.

పేరు వచ్చిన తరువాత ఆయన సంపాదనకు పూనుకోలేదు. 1923 ప్రాంతంలో మిత్రుడు వరదా వెంకటరత్నం తోడ్పాటుతో రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించారు. బొంబాయి వెళ్లే స్తోమత లేని తెలుగు పిల్లలకు తమ ప్రాంతంలోనే చిత్రకళ నేర్పాలని ఆయన సంకల్పం. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్లు. సొంత సాధనకే సమయం చాలని వయస్సులో శిష్యుల గీతలు దిద్దుతూ కూర్చోవడం చిన్న త్యాగం కాదు.

1925లో ఆయనకు మశూచికం సోకింది. ఆ వ్యాధిని నివారించే టీకా మన దేశానికి 1802లోనే వచ్చినా, ఊరూరా అందరికీ చేరడానికి మరొక శతాబ్దంన్నర పట్టింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచికం అంతరించిందని ప్రకటించేలోగా అది లెక్కలేనంతమందిని బలిగొన్నది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా నెల రోజులున్నది. చదువు ముగించి వచ్చిన తరువాత ఆయనకు దక్కిన కాలం అయిదేళ్లు. ఆ అయిదేళ్లలోనే పైన చెప్పిన చిత్రాలూ, చిత్రకళాశాలా వెలిశాయి.

స్థాపకుడు పోగానే సంస్థలు మూతపడడం మనం తరచుగా చూస్తుంటాం. ఇక్కడ అలా జరగలేదు. వరదా వెంకటరత్నం కళాశాల భారాన్ని తలకెత్తుకొన్నారు. తన సొంత చిత్రరచనను వెనుకకు నెట్టి, మిత్రుని చిత్రాలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. చిత్రం కాగితంమీద ఉంటుంది. చెద పట్టడానికి ఒక వానకాలం చాలు. ఆ ముప్పునుండి రామారావు కృషి బయటపడిందంటే అది ఈ స్నేహితుని చలవ. తరువాత ఆ సంస్థను ప్రభుత్వం స్వీకరించింది. ఆయన పుట్టిన పట్టణాన్ని ఇప్పుడు రాజమహేంద్రవరం అంటున్నాం. అక్కడి దామెర్ల రామారావు స్మారక చిత్రకళామందిరంలో ఆయన వర్ణచిత్రాలూ, పెన్సిలు గీతల పుస్తకాలూ భద్రంగా ఉన్నాయి. వాటితోపాటు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మలు వేసిన చిత్రాలకూ అక్కడ చోటున్నది.