తొలుత పుట్టి తుదకు వెలసిన గ్రంథము

గ్రంథకర్త కన్నుమూసిన నాలుగేండ్లకు ఆయన గ్రంథమొకటి వెలువడుట, దానికై లక్షలాది పాఠకులు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచుట, తీరా అది చేతికందిన పిదప వారే రెండు పక్షములుగా చీలిపోవుట సాహిత్యచరిత్రలో తరచుగా జరుగు విషయము కాదు. 1977 సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండులో వెలువడిన ‘ది సిల్మరిలియన్’ అను గ్రంథమునకు అట్టి గతి పట్టినది. 1955లో ముగిసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను అద్భుతగాథకు ఇది తరువాయి భాగమని భావించి తెరచినవారిలో పలువురు నిరాశ చెందిరి. మరికొందరు దానిని నెత్తిన పెట్టుకొనిరి. ఆ వివాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు. దాని మూలము పుస్తకములోకంటె గ్రంథకర్త జీవితములోనే ఎక్కువగా కలదు. కావున ముందుగా ఆ జీవితమును తెలిసికొనవలసియున్నది.

జాన్ రోనల్డ్ రూవెల్ టోల్కీన్ 1892 జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటేన్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆర్థర్ అచ్చట ఒక బ్యాంకు శాఖకు మేనేజరు. పిల్లవానికి ఆ యెండలు సరిపడకపోవుటచేత తల్లి మేబెల్ 1895లో కుమారులిద్దరిని వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వచ్చెను. మరుసటి యేడు తండ్రి దక్షిణాఫ్రికాలోనే జబ్బుపడి మరణించెను. ఆ యిల్లాలు బర్మింగ్‌హామ్ నగరమునకు చేరువనున్న సేర్‌హోల్ అను పల్లెలో కాపురముండి, పిల్లలకు తానే చదువు చెప్పెను. లాటిను భాషలో ఓనమాలు దిద్దించినది ఆమెయే. ఆ పల్లెలో నీటి ఒరవడికి తిరుగు పిండిమర, చెట్లు, సేద్యపుజనము బాలుని మనస్సులో చెరగని ముద్ర వేసినవి. 1900లో ఆమె కేథలిక్ మతము స్వీకరింపగా బంధువులు కొందరు దూరమైరి. 1904లో మధుమేహము ఆమెను బలిగొనెను; ఆ వ్యాధికి ఇన్సులిను అప్పటికింకను కనుగొనబడలేదు. పండ్రెండేండ్ల ప్రాయమున దిక్కులేనివాడైన టోల్కీనును ఫ్రాన్సిస్ మోర్గన్ అను కేథలిక్ మతాచార్యుడు చేరదీసి చదివించెను.

తల్లి ఇచ్చిపోయిన ఆస్తి భాషాభిమానమే. బర్మింగ్‌హామ్‌లో రైలుమార్గము ప్రక్కన బొగ్గుబండ్లపై వ్రాసియున్న వెల్ష్ ఊళ్ళ పేర్లు చూచి ఆ బాలుడు మురిసిపోయెడివాడు. ఆక్స్‌ఫర్డులో ఎక్సెటర్ కళాశాలయందు చదువుచుండగా ఆయనకు ఫిన్నిష్ భాషా వ్యాకరణమొకటి దొరకెను. ఆ భాష నాదము ఆయనను మత్తెక్కించెను. అప్పటినుండి తనకు తానై భాషలను కల్పించుట ఆయనకొక వ్యసనమైనది. ఫిన్నిష్ పోలికతో ఒకటి, వెల్ష్ పోలికతో మరియొకటి, ఇట్లు ధాతువులు, ప్రత్యయములు, ధ్వనిపరిణామసూత్రములు సర్వము సమకూర్చుకొనెను. అయితే మాటలాడువారు లేక భాష బ్రతుకదు. చరిత్ర లేక జాతి యుండదు. ఆ భాషలను పలుకుటకై ఎల్ఫులను ఒక దివ్యజాతిని, ఆ జాతికొక చరిత్రను ఆయన కల్పింపవలసివచ్చెను. లక్ష్యము ముందు, లక్షణము పిదప అని మనము తరగతిలో చెప్పుదుము. టోల్కీను విషయములో వ్యాకరణము ముందు పుట్టి, దానికొరకు కావ్యము పుట్టినది!

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. బాల్యసఖియైన ఈడిత్ బ్రాట్ కూడ తల్లిదండ్రులు లేనిదే. వయస్సున ఆయనకంటె మూడేండ్లు పెద్దది. ఇరువదియొక్క యేండ్లు నిండువరకు ఆమెతో మాటలాడరాదని సంరక్షకుడు శాసింపగా టోల్కీన్ ఆ మాట జవదాటక, గడువు తీరిన రాత్రియే ఆమెకు ఉత్తరము వ్రాసినవాడు. 1916 మార్చిలో వారి వివాహము జరిగెను. కొలది నెలలకే ఆయన ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగమునకు పోవలసివచ్చెను. పాఠశాలనాటి ప్రాణమిత్రులలో ఇద్దరు ఆ సంవత్సరమే యుద్ధములో అసువులు బాసిరి. కందకములలో ప్రబలిన జ్వరము సోకి ఆయన నవంబరులో ఇంగ్లండు చేరెను. ఆ రోగశయ్యపై, ఆ మిత్రవియోగదుఃఖములో, ఎల్ఫుల గుప్తనగరమైన గోండొలిన్ శత్రువులచేత కూలిపోయిన కథను ఆయన వ్రాయ మొదలిడెను. 1917లో యార్క్‌షైరులోని రూస్ అను గ్రామము చెంత, తెల్లని పూలు విరిసిన వనములో, ఈడిత్ భర్తకొరకు నృత్యము చేసెను. ఆ దృశ్యమునుండి లూథియెన్ అను ఎల్ఫ్ రాకుమారియు, ఆమెను వరించిన బెరెన్ అను మానవవీరుడును పుట్టిరి. ‘సిల్మరిలియన్’కు బీజములు పడినది అప్పుడే.

యుద్ధానంతరము టోల్కీన్ కొంతకాలము ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు కార్యాలయములో పదముల పుట్టుపూర్వోత్తరములు పరిశోధించెను. తరువాత లీడ్స్ విశ్వవిద్యాలయములో బోధించి, 1925లో ఆక్స్‌ఫర్డునకు ప్రాచీనాంగ్లభాషాచార్యుడై వచ్చెను. 1959లో విశ్రాంతి తీసికొనువరకు ఆచార్యపదవిలోనే యుండెను. ఇంటిలో నలుగురు పిల్లలకు చెప్పుటకై అల్లిన ఒక కథ 1937లో ‘ది హాబిట్’ అను పేర అచ్చయినది. పొట్టివారు, భోజనప్రియులు, సుఖజీవులైన హాబిట్ అను జనము ఆ పుస్తకముతో లోకమునకు పరిచయమైరి. పుస్తకము బాగుగ అమ్ముడుపోగా ప్రకాశకుడు స్టాన్లీ అన్విన్ మరియొకటి కోరెను. టోల్కీన్ ఆశతో తన ఎల్ఫ్ గాథల ప్రతులను పంపెను. అవి మర్యాదగా తిరిగివచ్చినవి. హాబిట్లే కావలెనని కబురు వచ్చెను. ఇరువదియేండ్లుగా గుండెలో దాచుకొన్నది ఎవరికిని పట్టలేదు; పిల్లలకు చెప్పిన కథకు గిరాకి కలిగినది. అయినను ఆయన నొచ్చుకొని కూర్చుండక, ఆ సంవత్సరము డిసెంబరులోనే హాబిట్ల క్రొత్తకథకు శ్రీకారము చుట్టెను.

ఆ క్రొత్తకథ వ్రాయుచుండగా పెరిగి, పండ్రెండేండ్లకు ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అయినది. టోల్కీన్ కోరిక దానిని ‘సిల్మరిలియన్’తో జతగా ప్రకటింపవలెనని. యుద్ధానంతరకాలములో కాగితము ప్రియము. అంత పెద్దగ్రంథమునకు పెట్టుబడి పెట్టుటకు ఎవరును ముందుకు రాలేదు. తుదకు ఆయన రాజీపడెను. ఒకే గ్రంథముగా వ్రాసినది మూడు సంపుటములుగా చీల్చబడి, రెండు 1954లోను, మూడవది 1955 అక్టోబరులోను వెలువడినవి. అనుబంధములు సిద్ధము కాక మూడవ సంపుటము ఇంచుమించు పదకొండు నెలలు ఆలస్యమైనది. కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేత చిక్కియుండగా రెండవ సంపుటము ముగిసినందున పాఠకులు తహతహలాడిరి. ఆనాడును అభిప్రాయభేదములు లేకపోలేదు. ఆడెన్ మహాకవి గ్రంథమును వేనోళ్ళ పొగడెను. అమెరికా విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1956లో దానిని పిల్లలాటగా తీసివేసెను. అయినను 1965లో అమెరికాలో చౌకప్రతులు వచ్చిన పిదప దాని కీర్తి ఖండాంతరములకు ప్రాకినది.

ఇప్పుడు లోకమంతయు ‘సిల్మరిలియన్’ను అడిగెను. ఒకనాడు తిరిగివచ్చిన ప్రతులకై ప్రకాశకులే ఎదురుచూచిరి. కాని గ్రంథకర్తకు చేయి సాగలేదు. దిద్దినదే దిద్దుట, ఒక పేరు మార్చిన దానికి తగినట్లు పది కథలు మార్చుట ఆయన నైజము. తన తొలికల్పనలో భూమి బల్లపరుపు. సూర్యుడు ఒక దివ్యవృక్షపు తుదిఫలము. ఖగోళశాస్త్రము తెలిసిన యీ కాలమున అది నిలుచునా అను సందేహము ముదిమిలో ఆయనను పీడించెను. సవరింపబోయిన పునాదియే కదలును. ఊరకుండిన మనస్సు ఒప్పదు. 1971 నవంబరులో ఈడిత్ మరణించెను. 1973 సెప్టెంబరు 2వ తేదీన, ఎనుబదియొకటవ యేట, టోల్కీన్ బోర్న్‌మత్ పట్టణమున తుదిశ్వాస విడిచెను. ఏబదియేండ్లకు పైబడిన కృషి పెట్టెలలో కాగితములకట్టలుగా మిగిలినది. ఒకే కథకు అనేకపాఠములు. కొన్ని పద్యములో, కొన్ని గద్యములో. కొన్ని సగములోనే ఆగినవి.

ఆ భారము మూడవ కుమారుడైన క్రిస్టఫర్ మీద పడెను. ఆయనయు ఆక్స్‌ఫర్డులో ప్రాచీనభాషలు బోధించిన పండితుడే. గై గావ్రియెల్ కే అను కెనడా యువకుని సాయము తీసికొని, భిన్నపాఠములనుండి ఏరి, అతికి, పొందికైన ఒక్క కథనమును సిద్ధపరచెను. కొన్ని తావులలో, ముఖ్యముగా డోరియాత్ రాజ్యము నాశనమైన అధ్యాయములో, తండ్రి వ్రాత చాలక తాము కల్పింపవలసికూడ వచ్చెను. అట్లు వెలువడినదే 1977 నాటి గ్రంథము. అమెరికాలో అది అమ్మకముల పట్టికలో అగ్రస్థానమున నిలిచెను. కాని కొన్నవారందరు మెచ్చినవారు కారు.

నిరాశపడినవారి వాదము తీసివేయదగినది కాదు. ఇందు హాబిట్లు లేరు; హాస్యము దాదాపు లేదు; సంభాషణలు స్వల్పము. పుటపుటకు క్రొత్తపేర్లు, ఒక్కొక్కరికి రెండు మూడు నామములు. సృష్టికర్త యెదుట దేవగణములు పాడిన గానమునుండి లోకము పుట్టుట మొదలు, ఫియనార్ అను శిల్పి మూడు మణులను నిర్మించుట, మోర్గోత్ వానిని హరించుట, మణులకై చేసిన శపథము తరతరములను దహించుట వరకు యుగములు పుటలలో దొరలిపోవును. ఏ పాత్రతోను ఇంతసేపు కూర్చుండి మాటలాడినట్లుండదు. మెచ్చినవారి వాదమును బలమైనదే. ఆ గంభీరశైలి పురాణమునకు తగినది. ముందటి గ్రంథములో లీలగా వినవచ్చిన ప్రాచీనగాథలకు ఇదియే మూలము. బెరెన్, లూథియెన్ల కథవంటిది ఈ శతాబ్దమున మరియొకటి పుట్టలేదని వారు తలచిరి. మృత్యుదేవత యెదుట పాడి ప్రియుని మరల తెచ్చుకొన్న లూథియెన్‌ను చదువునపుడు మనకు సావిత్రి గుర్తుకు రాకమానదు.

ఈ రెండు పక్షములలో ఏది న్యాయము? నాకు తోచునది యిది. బెరెన్, లూథియెన్ల కథ ముందటి గ్రంథములోను కలదు. అచ్చట రాత్రివేళ ఒక కొండపై, శత్రుభయముతో వణకుచున్న హాబిట్లకు, నెగడు ప్రక్కన కూర్చుండి ఆరగార్న్ దానిని చెప్పును. వారితోపాటు మనమును విందుము. అందుచేత అది హృదయమునకు తాకును. అదే కథ ‘సిల్మరిలియన్’లో చెప్పువాడు లేక, వినువాడు లేక నిలిచియున్నది. మన పురాణములలో నైమిశారణ్యము, సూతుడు, శౌనకాదిమునులు ఏల కావలసివచ్చిరో ఇచ్చట తెలియును. వినువాడు ప్రశ్నించును, ఆశ్చర్యపడును; ఆ ప్రశ్నయే పాఠకునికి కథలోనికి ద్వారము. టోల్కీన్ తొలిప్రతులలో అట్టి శ్రోత యుండెను. సముద్రముపై వచ్చిన నావికుడొకడు ఎల్ఫుల యింట కూర్చుండి ఈ కథలన్నియు వినును. 1977 నాటి కూర్పులో ఆ చట్రము లేదు. అది పొరపాటేయని క్రిస్టఫర్ 1983లో తానే ఒప్పుకొనెను. డోరియాత్ అధ్యాయములో తాము హద్దు మీరితిమన్న పశ్చాత్తాపమును 1994లో ప్రకటించెను. ఇంతటి నిజాయితి సంపాదకులలో అరుదు.

ఒకరు విడిచిన కావ్యమును మరియొకరు పూరించుట మనకు క్రొత్త కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించి, నన్నయ పేరనే రాజరాజనరేంద్రునకు అంకితము గావించి, తన్ను మరుగుపరచుకొనెను. క్రిస్టఫర్ మొదట ఆ త్రోవనే నడచెను. పిదప వేరుత్రోవ పట్టి, 1983 మొదలు 1996 వరకు పండ్రెండు సంపుటములలో తండ్రి ప్రతులను, కొట్టివేతలతో, వ్యత్యాసములతో, ఉన్నవియున్నట్లు లోకము ముందుంచెను. అతుకులు దాచిన గ్రంథమొకటి, అతుకులు చూపిన సంపుటములు పండ్రెండు! పాఠకుల అసంతృప్తి వ్యర్థము కాలేదనియే చెప్పవలెను. పూర్తికానిదానిని పూర్తియైనట్లు చూపరాదను వివేకము దానివలన మరింత దృఢపడినదని నేను తలంతును. క్రిస్టఫర్ 2020 జనవరిలో, తొంబదియైదవ యేట, మరణించెను.

కావున నిరాశపడినవారిది తప్పు కాదు; వారు తరువాయి భాగమును కోరిరి. లభించినది తరువాయి కాదు, మొదలు. చెట్టునకు పండిన పండు తిన్నవారికి వేరు త్రవ్వి చేతికిచ్చినట్లయినది. వేరునకు పండు రుచి యుండదు. అయినను పండు దానివలననే కలిగెను. ఈ సంగతి తెలిసి చదివినవారికి ఆ గ్రంథము మెల్లమెల్లగా వశమగును.

ఆక్స్‌ఫర్డు సమీపమున వుల్వర్‌కోట్ శ్మశానవాటికలో ఆ దంపతుల సమాధి కలదు. ఈడిత్ పేరు క్రింద లూథియెన్ అనియు, టోల్కీన్ పేరు క్రింద బెరెన్ అనియు చెక్కబడియున్నది. భార్య సమాధిపై ఆ పేరును టోల్కీనే కోరి చెక్కించెను. అప్పటికి ఆ కథ నిండుగా చెప్పిన గ్రంథము అచ్చు కాలేదు. ఏ పాఠకుడును మెచ్చకముందే, ఏ విమర్శకుడును నిందింపకముందే, ఆ గ్రంథములోని ఒక్క మాట రాతిపై నిలిచినది.