భూమిని కొలిచిన కర్నల్ లాంబ్టను

మన తరగతి గోడకు వ్రేలాడు దేశపటమున విస్సన్నపేట ఒక చిన్న చుక్క. అనేక పటములలో ఆ చుక్కయు గానరాదు. అయినను కృష్ణా గోదావరుల నడుమ, తిరువూరునకు చేరువను, అది యెచ్చట నుండవలెనో అచ్చటనే యుండుటకు కారణము కలదు. రెండు వందల యేండ్లకు పూర్వము కొందరు మనుష్యులు కొండలెక్కి, ఎండకు మాడి, జ్వరములకు లోనై, ఈ దక్షిణదేశమును అంగుళముల లెక్కన కొలిచిరి. ఆ పనిని ప్రారంభించినవాడు విలియం లాంబ్టను. ఆయన జీవితమును మన విద్యార్థు లెరుగుట మంచిదని తోచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

లాంబ్టను సుమారు 1753వ సంవత్సరమున ఇంగ్లండులోని యార్కుషైరు మండలమున, నార్తలర్టను పట్టణమునకు సమీపమున జన్మించెను. తలిదండ్రులు సామాన్యులు. బాలుడు అచ్చటి గ్రామరు పాఠశాలలో చదివి, గణితమున ప్రవీణుడని పేరొందెను. 1781లో సైన్యమున చేరి అమెరికాకు పంపబడి, ఆ యుద్ధమున శత్రువులకు బందీ యయ్యెను. విడుదల పొందిన పిమ్మట న్యూ బ్రన్స్విక్ ప్రాంతమున భూములు కొలుచు పనిలో కొన్ని సంవత్సరములు గడపెను. ఆ కాలముననే సూర్యగ్రహణమును వట్టి కంట చూచి ఒక కంటి దృష్టిని పోగొట్టుకొనెను. బాలురారా! గ్రహణకాలమున మీ యుపాధ్యాయులు చేయు హెచ్చరికను తేలికగా నెంచకుడు. మిగిలిన యొక్క కంటితోనే ఈయన తన జీవితకార్యమును నెరవేర్చవలసివచ్చెను.

ఆయన హిందూదేశమునకు వచ్చునప్పటికి నలువది యేండ్లు దాటినవి. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడి జరుగునపుడు, ఒక రాత్రి సేన దారి తప్పి శత్రువులున్న దిక్కునకే నడచుచుండెను. లాంబ్టను ఆకాశమున నక్షత్రములను చూచి ఆ పొరపాటును కనిపెట్టి తెలియజేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట, తూర్పు సముద్రమునుండి పడమటి సముద్రము వరకు దేశమును త్రికోణములతో కొలిచి, దానితోపాటు భూగోళముయొక్క ఆకారమును గూడ నిర్ణయింపవచ్చునని ప్రభుత్వమునకు విన్నవించెను. తన దళాధిపతి యగు ఆర్థర్ వెల్లస్లీ ఆయనకు తోడ్పడెను. శ్రీరంగపట్టణమునకు పోవలెనన్న పల్లకి బోయీలతో చెప్పిన చాలును, ఇంత వ్యయమేల యని మద్రాసు ప్రభుత్వమున నొక పెద్దమనిషి యాక్షేపించెనని చెప్పుదురు. అయినను అనుమతి లభించెను.

పరికరములు గూడ సులభముగా రాలేదు. 100 అడుగుల ఉక్కుగొలుసు మొదట చీనా చక్రవర్తికి కానుకగా పంపబడి, అచ్చట ఆదరణ లేక కలకత్తాకు చేరినది. కోణములను కొలుచు పెద్ద థియోడలైటును లండనులో కేరీ యనువాడు నిర్మించెను. దాని పళ్లెము 36 అంగుళముల వెడల్పు. బరువు సుమారు అర టన్ను. దానిని తెచ్చు నోడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషసునకు గొనిపోయిరి. అయినను ఆ దీవి గవర్నరు అది శాస్త్రపరికరమని తెలిసికొని, శత్రుదేశమువారిదని యెంచక, మద్రాసునకు పంపివేసెను.

1802 ఏప్రిలు మాసమున మద్రాసు దగ్గరి పరంగికొండయొద్ద సుమారు 7½ మైళ్ల ఆధారరేఖను కొలుచుట కారంభించిరి. త్రికోణమున నొక భుజమును, కోణములను సరిగా తెలిసికొన్నచో మిగిలిన భుజములు లెక్కచేతనే వచ్చును గదా! ఆ భుజములపై మరల త్రికోణములను గట్టుకొనుచు పోయిన దేశమంతయు కొలువవచ్చును. కావున ఆ మొదటి రేఖలో తప్పు పడిన, దేశమంతటను తప్పు వ్యాపించును. గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, ఎండ తగులకుండ పైన గుడారములు కట్టి, ప్రక్కన ఉష్ణమాపకముల నుంచిరి. ఉక్కు వేడికి సాగును. ఫారెన్‌హీటు మానమున ఒక డిగ్రీ హెచ్చిన 100 అడుగుల గొలుసు సాగుట అంగుళములో నూరవ వంతయిన నుండదు. కాని సుమారు 400 మారులు గొలుసు పరచినపుడు ఆ యొక్క డిగ్రీ తప్పే 3 అంగుళములగును. పనిలో వాడుగొలుసు అరిగి సాగుచుండును గనుక, మరియొక గొలుసును పనికి వాడక ప్రమాణముగా భద్రపరచి, దీనిని దానితో పోల్చి చూచుచుండిరి.

1804లో బెంగుళూరు దగ్గర మరియొక ఆధారరేఖను కొలిచి, మద్రాసునుండి త్రికోణముల లెక్కచే వచ్చిన పొడవుతో పోల్చిరి. 7 మైళ్లకు మించిన ఆ రేఖలో భేదము 4 అంగుళములకు లోబడినది! అంతేకాక, మద్రాసునుండి మంగుళూరు వరకు 400 మైళ్లని పూర్వపటములు చూపుచుండగా, నిజముగా 360 మైళ్లే యని తేలినది. పటములమీద నున్న 40 మైళ్ల నేల భూమిమీద లేకుండెను.

ఈ సూక్ష్మత యెట్లు సాధ్యమయ్యెను? ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకండు. 20 మైళ్ల దూరమున నున్న కొండమీది జెండాను చూచునపుడు ఒక సెకండు తప్పిన, జెండా సుమారు 6 అంగుళములు ప్రక్కకు జరిగినట్లగును. థియోడలైటు పళ్లెపు అంచున ఆ సెకండు అంగుళములో పదివేలవ వంతుకంటెను చిన్నది. దానిని సూక్ష్మదర్శినులతో చదువవలెను. పళ్లెముయొక్క ఎదురెదురు స్థానములందు రెండుచోట్ల చదివి సగటు తీయుదురు. ఒక్కమారుతో తృప్తి చెందక మరల మరల చూతురు. పిమ్మట త్రికోణమున మూడు కోణములను కూడి చూతురు. భూమి గుండ్రనిది గావున ఆ మొత్తము 180 డిగ్రీలకంటె కొంచెము హెచ్చును. ప్రతి 76 చదరపు మైళ్లకు సుమారు ఒక సెకండు. ఆ లెక్కకు సరిపడని మొత్తము తనంతట తానే తప్పును బయటపెట్టును.

1808లో గొప్ప కీడు వాటిల్లినది. తంజావూరు చుట్టును చదునైన నేల, కొండలు లేవు. కావున బృహదీశ్వరాలయ గోపురము మీదికి థియోడలైటును త్రాళ్లతో లాగించిరి. మార్గమధ్యమున ఒక త్రాడు తెగినది. యంత్రము గోడకు కొట్టుకొని దాని పళ్లెము వంకరపోయినది. ఇంగ్లండునుండి క్రొత్తది రావలెనన్న సంవత్సరములు పట్టును. మరియొకడైన పని మానియుండును. లాంబ్టను ఎవరిమీదను నేరము మోపక, యంత్రముతో గుడారమున చేరి, కొందరు పనివారిని మాత్రము లోనికి రానిచ్చి, ఆరు వారములు దానిని విప్పి, చీలలతోను మరలతోను కొద్దికొద్దిగా లాగి, పళ్లెమును మరల గుండ్రముగా జేసెను.

కాని యొకసారి వంగిన లోహము పూర్ణముగా మునుపటివలె నగునా? కాదు. ఆ సంగతి ఆయన యెరుగును. అట్టి యంత్రముతో పనిచేయువాడు దాని పేరును గాక దాని దోషమును ఎరిగియుండవలెను. యాదృచ్ఛికముగా వచ్చు చిన్న తప్పులు అనేక మారులు చూచి సగటు తీయుటచే తగ్గును. కాని పళ్లెమున నొకచోట గీతలు ఎడముగా నున్నయెడల, అచ్చటనే నూరుమారులు చదివినను తప్పు తగ్గదు. దానికి విరుగుడు, పళ్లెమును త్రిప్పి అదే కోణమును వేరువేరు భాగములమీద కొలుచుట. ఈ పద్ధతిని పిమ్మట జార్జి ఎవరెస్టు కట్టుదిట్టముగా అమలుపరచెను. పైగా దూరదూరముల నూతన ఆధారరేఖలను కొలిచి సరిచూచుకొనుటయు అవసరము. లాంబ్టను అట్లే చేసెను.

అట్టి రేఖలలో నొకటి మన తెలుగుదేశములోని గుత్తియొద్ద 1811లో కొలువబడినది. మరియొకటి 1815లో బీదరు ప్రాంతమున కొలువబడెను. పిమ్మట ఆయన హైదరాబాదును తన కేంద్రముగా జేసికొనెను. 1818లో ఈ సర్వేకు గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే యను పేరు కలిగినది. ఆ సంవత్సరాంతమున సహాయకుడుగా వచ్చిన ఎవరెస్టును లాంబ్టను కృష్ణా గోదావరుల నడుమనున్న నిజాము రాజ్యపు అడవులకు పంపెను. అవి మన ప్రాంతమునకు దూరమైనవి కావు. 1819 వర్షకాలమున ఆ యడవులలో విషజ్వరము వ్యాపించి ఎవరెస్టును, ఆయన పరివారమునందలి జనులందరిని దాదాపు పడవేసినది. అనేకులు మరణించిరి. కొండమీద జెండా పట్టి నిలిచినవారి పేర్లు ఏ పటమునను లేవు. మనము పటమును విప్పునపుడు వారిని గూడ తలచుట న్యాయము.

1817లో లండను రాయల్ సొసైటీవారు లాంబ్టనును తమ సభ్యునిగా చేర్చుకొనిరి. పారిసు విద్వత్సభయు గౌరవించెను. అయినను ఆయన విశ్రాంతి కోరలేదు. సుమారు డెబ్బది యేండ్ల వయస్సున, శరీరము క్షీణించుచున్నను, నాగపురము దెసకు పయనమై, 1823 జనవరి 20వ తేదీన దారిలో హింగన్‌ఘాటునందు మరణించెను. ఆయన సమాధి యచ్చటనే కలదు. అప్పటికి సుమారు 1,65,000 చదరపు మైళ్ల దేశము త్రికోణములలోనికి వచ్చియుండెను.

తరువాత ఎవరెస్టు ఆ పనిని హిమాలయ పాదములవరకు సాగించెను. ఆయన పాత థియోడలైటుయొక్క దోషములను నిర్మొగమాటముగా విమర్శించి, దానిని మరల బాగుచేయించెను. లాంబ్టను చేసిన దక్షిణభాగపు పనిని తరువాతి తరమువారు మేలైన పరికరములతో తిరిగి చేసిరి. ఇది ఆయనకు కొరత గాదు. తన కొలతలను ఇతరులు సరిచూచుటకు వీలుగా విడిచిపోయినవాడే నిజమైన శాస్త్రజ్ఞుడు. ఆయన వేసిన పునాదిమీద పెరిగిన సర్వేవారే 1856లో ప్రపంచమున అత్యున్నత శిఖరపు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించిరి.

విద్యార్థులారా! మన ప్రయోగశాలలోని లోలకమును తీసికొనుడు. ఒక్క ఊపును గడియారముతో కొలిచిన, చేతి తడబాటంతయు ఆ యొక్క ఊపుమీదనే పడును. 20 ఊపులను కొలిచి భాగించిన, ఆ తప్పు ఇరువదవ వంతగును. విద్యుత్తరంగములను లెక్కించు పాత ఎలక్ట్రానిక్ యంత్రములకును ఇదే నియమము. అవి సెకండు కాలము తరంగములను లెక్కించిన ఒక తరంగము వరకే భేదమును చూపగలవు. 10 సెకండ్లు లెక్కించిన పదవ వంతు వరకు చూపగలవు. కాని యంత్రములోని గడియారమే తప్పైన, ఎన్ని అంకెలు కనబడినను అవి తప్పు అంకెలే. అందుకే ప్రమాణముతో సరిచూచుకొనవలెను. లాంబ్టను రెండవ గొలుసును దాచి యుంచుటకు కారణ మిదియే.

మంచి పరికరము లేదని చెప్పి పని మానువారు మనలో కలరు. ఒక కంటివాడు, వంగిన యంత్రముతో, పరదేశమున, ఇరువది సంవత్సరములు ఈ దేశమును కొలిచెను. ఓపికతో మరల చూచుట, తన తప్పును తానే వెదకుట, ప్రమాణమును చెక్కుచెదరనీయకుండుట అను మూడును ఆయనకు తోడుగా నిలిచినవి. ఈ మూటికిని ధనము అక్కరలేదు. మన పాఠశాల బల్లమీద విరిగిన కొలబద్దయొక్కటి యున్నను నేడే మొదలుపెట్టవచ్చును.