ఫైలం అని పేరు పెట్టిన హెకెల్

ఒకటో సంవత్సరం నుంచి జువాలజీ రికార్డులో ఫైలం ఆర్థ్రోపోడా, ఫైలం మొలస్కా అని రాస్తూనే ఉన్నాను. ఈ ఫైలం అనే మాట ఎక్కడిదో ఒక్కరోజు కూడా అడగలేదు. తెలుగు సైన్సు పుస్తకాల్లో దీన్ని వర్గం అంటారు. మన పార్ట్ వన్ తెలుగు క్లాసులో క-వర్గం, చ-వర్గం అంటే నోట్లో ఒకేచోట పుట్టే అక్షరాల గుంపు. లెక్కల్లో వర్గం వేరు, రాజకీయాల్లో వర్గం వేరు. అసలు మాట సంగతేమిటా అని వెతుక్కుంటూ పోతే ఒక మనిషి దొరికాడు. ఆయన జీవితం సగందాకా సంతోషంగా చదివాను. తర్వాతి సగంలో నన్ను నేనే చూసుకోవలసి వచ్చింది.

ఎర్నెస్ట్ హెకెల్ 1834 ఫిబ్రవరి 16న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి మొక్కలంటే పిచ్చి, బొమ్మలంటే ఇంకా పిచ్చి. తండ్రి మాత్రం డాక్టరు చదవమన్నాడు. చదివాడు. బెర్లిన్‌లో వైద్యం మొదలుపెట్టి, రోగులను చూసే వేళ తెల్లవారుజామున అయిదు నుంచి ఆరు అని పెట్టుకున్నాడని చెబుతారు. ఆ వేళకి ఎవరొస్తారు? ఆయనకు కావలసిందీ అదే.

1859లో ఇటలీ వెళ్లాడు. అక్కడ బొమ్మలు గీస్తూ, చిత్రకారుడిగానే ఉండిపోదామా అనుకున్నాడు. మెస్సీనా సముద్రంలో రేడియోలేరియా దొరికి ఆయన్ని సైన్సులో నిలబెట్టింది. ఇవి ఒకే కణం ఉన్న జీవులు, గాజు లాంటి అస్థిపంజరం. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కొక్కటీ వెలిగించని దీపాల గుత్తిలా ఉంటుంది. అక్కడ దాదాపు 144 కొత్త జాతులు కనిపెట్టి, 1862లో వాటిమీద పెద్ద పుస్తకం వేశాడు. ఈలోగా డార్విన్ పుస్తకం జర్మన్‌లో చదివి పూర్తిగా ఆ పక్షం చేరిపోయాడు. యేనా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది.

అదే 1862లో అన్నా సేతేని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయన మేనమామ కూతురు. జర్మనీలో కూడా మేనరికమేనా అని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. 1864 ఫిబ్రవరి 16న, సరిగ్గా ఆయన ముప్పయ్యో పుట్టినరోజున, ఒక పెద్ద సైన్సు పతకం వచ్చింది. ఆరోజే అన్నా చనిపోయింది. పెళ్లయి ఇంకా రెండేళ్లు నిండలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక జెల్లీఫిష్‌కి ఆమె పేరు కలిపి డెస్మోనెమా అన్నాసేతే అని పెట్టాడు. దాని పొడుగాటి పోగులు ఆయనకు ఆమె జుట్టును గుర్తు చేశాయట.

ఆ దుఃఖంలో మనుషులకు దూరంగా, నిద్ర కూడా సరిగ్గా పోకుండా రాసిన పుస్తకం 1866లో రెండు సంపుటాలుగా వచ్చింది. వెయ్యి పేజీలకు పైనే. కొన్నవాళ్లు తక్కువ, చదివినవాళ్లు ఇంకా తక్కువ. అందులో ఆయన గ్రీకు నుంచి చేసిన మాటలు మాత్రం మన నోళ్లలో మిగిలిపోయాయి. ఎకాలజీ, ఫైలోజెని, ప్రొటిస్టా అన్నీ ఆ పుస్తకంలోవే. ఫైలం కూడా.

గ్రీకులో ఫైలాన్ అంటే తెగ, ఒకే మూలం నుంచి పుట్టిన జనం. హెకెల్‌కి ముందు ఫ్రాన్సులో క్యువియర్ జంతువులను శరీర నిర్మాణం చూసి నాలుగు గుంపులు చేశాడు. ఒకేలా కట్టిన ఇళ్లను ఒక వీధిలో పెట్టినట్టు. హెకెల్ పెట్టిన షరతు వేరు. ఒక ఫైలంలోని జీవులన్నీ ఒకే పూర్వికుడి సంతానం అయివుండాలి. నత్తకీ ఆక్టోపస్‌కీ పోలిక కనబడకపోయినా చుట్టరికం ఉంది కాబట్టి రెండూ ఒక ఫైలం. ఈ మాటకు ఆయన జర్మన్‌లో వాడింది ష్టామ్. దానికి తెగ అనీ అర్థం, చెట్టు మాను అనీ అర్థం. అందుకే ఆయన పుస్తకాల నిండా చెట్లు.

చెట్లు గీసింది ఆయన ఒక్కడే కాదు. యేనాలోనే ఉన్న ఆయన స్నేహితుడు, భాషాశాస్త్రవేత్త ష్లైకర్, అప్పటికే 1853లో భాషలకు వంశవృక్షం గీశాడు. తర్వాత భాషాశాస్త్రంలోకి ఫైలం కూడా వెళ్లింది. అక్కడ మనది ద్రావిడ కుటుంబం. కుటుంబం కంటే పెద్దది, చుట్టరికం ఎంతో దూరపుదైన గుంపుని కొందరు ఫైలం అంటారు. ఇంకోమాట: ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబమని మొదట అచ్చులో చూపించింది ఈ మన ఊళ్లోనే. మద్రాసు కలెక్టరు ఎల్లిస్, 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో.

ఇంతవరకు బాగుంది. 1868లో హెకెల్ మామూలు జనం కోసం సృష్టి చరిత్ర పుస్తకం వేశాడు. అది బాగా అమ్ముడుపోయింది. పిండాలు మొదట్లో ఎంత ఒకేలా ఉంటాయో చూపించడానికి కుక్క, కోడి, తాబేలు పిండాలు అని మూడు బొమ్మలు వేశాడు. మూడూ ఒకే అచ్చుదిమ్మతో వేసిన ఒకే బొమ్మ! ఒక శాస్త్రవేత్త పట్టుకున్నాడు. తర్వాతి ముద్రణలో దాన్ని మార్చారు గానీ మచ్చ పోలేదు. రికార్డులో పక్కదాని బొమ్మ చూసి గీస్తేనే మాకు మార్కులు పోతాయి.

అంతకంటే పెద్ద తప్పు అదే పుస్తకంలో ఉంది. మనుషులందరూ ఒకే జాతి అని ఆయన ఒప్పుకోలేదు. తర్వాతి ముద్రణల్లో మనుషులను పన్నెండు జాతులు చేసి, మెట్లు కట్టి, పైమెట్టు మీద మధ్యధరా జాతి అంటూ తనవాళ్లను పెట్టుకున్నాడు. ఆ పన్నెండులో ఒకటి ద్రావిడ. అంటే మా అవ్వ, నేను, మీలో చాలామంది. అది ఒక భాషా కుటుంబం పేరు. దాన్ని తీసి మనుషుల జాతికి తగిలించాడు. సింహళీయులను కూడా అందులోనే వేశాడు. వాళ్ల భాష ద్రావిడం కానే కాదు. పట్టికలో మనం పైమెట్టుకి దగ్గర్లోనే ఉన్నాం. అది చూసి ఒక్క క్షణం ఫరవాలేదే అనిపించింది. వెంటనే సిగ్గేసింది. అడుగున పెట్టిన పాపువన్లు, ఆఫ్రికా వాళ్లు ఆ పట్టిక చదివితే వాళ్లకేమనిపిస్తుంది?

1881లో ఆయన బొంబాయి మీదుగా సిలోన్ వచ్చాడు. వెలిగమలో బస చేసిన బంగళాలో ముసలి కాపలాదారుకి సోక్రటీస్ అని, తనకు సాయం చేసిన కుర్రాడికి గానిమీడ్ అని గ్రీకు పేర్లు పెట్టాడు. ఆ కుర్రాడు రొడియా కులం వాడు, అక్కడ ఊరు వెలివేసిన కులం. సముద్రంలో జీవులు పట్టడంలో వాడికి సాటి లేదు. వాడిని వదిలి వెళ్లడం ఆయనకు చాలా కష్టమైంది. ఒక మనిషి ఎదురుగా నిలబడితే అంత ప్రేమ. కాగితం మీదకు వచ్చేసరికి మెట్లు. ఈ రెండూ ఒకే తలలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. జబ్బుతో పుట్టిన బిడ్డలను చంపే స్పార్టా పద్ధతిని మెచ్చుకున్నదీ ఆయనే.

1899 నుంచి 1904 దాకా ఆయన వేసిన వంద బొమ్మల పలకలు చూస్తే ఇదంతా మరిచిపోతాం. అదే భయం. 1919 ఆగస్టు 9న యేనాలో చనిపోయాడు. సరిగ్గా నూరేళ్లకు, 2019లో, అదే ఊళ్లో శాస్త్రవేత్తలు కూడి, మనుషుల్లో జీవశాస్త్రం చెప్పే జాతులు లేవని ప్రకటించారు. ఫైలం మాట మాత్రం ఉండిపోయింది. పూర్వికుడు ఒక్కడే అన్న ఆయన షరతు ప్రకారం చూసినా మనుషులందరిదీ ఒకే కొమ్మ.

మా అవ్వ ఇంటికి ఏ స్నేహితురాలిని తీసుకెళ్లినా మనవాళ్లేనా అని నన్ను చాటుగా అడుగుతుంది. తెలుగు వచ్చా అని కాదు ఆమె అడిగేది. ఇన్నాళ్లు నవ్వి ఊరుకునేదాన్ని. ఈసారి అడిగితే, భాషల చెట్టులో మన తెలుగుకి దగ్గరి చుట్టాలు కొండల్లో, అడవుల్లో మాట్లాడే గోండి, కూయి అని, పక్కింటి తమిళం అవతలి కొమ్మ అని చెప్పాలనుకుంటున్నాను.

పక్కన అంటించిన బొమ్మలు రెండూ నేను గీసినవే. మొదటిది హెకెల్ రేడియోలేరియా చూసి గీసింది, కింద ఆయన పేరు రాశాను. రెండోది ద్రావిడ భాషల చెట్టు. కొమ్మల కొసలన్నీ ఒకే ఎత్తుకి రావడానికి రెండుసార్లు చెరిపి గీయాల్సి వచ్చింది.