నాడి లెక్కపెట్టాకే ఆ మాత్ర!

హాస్పిటల్లో మీవాళ్లకు తోడుగా ఉన్నప్పుడు గమనించే ఉంటారు. ఉదయం మందులిచ్చే సిస్టర్ బీపీ మాత్ర, షుగర్ మాత్ర చకచకా చేతిలో పెడతారు. డిగాక్సిన్ అనే చిన్న మాత్ర దగ్గరికి వచ్చేసరికి ఆగుతారు. గుండె మీద స్టెత్ ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడతారు. పెద్దవాళ్లలో ఆ లెక్క 60 కంటే తగ్గితే మాత్ర ఇవ్వకుండా డాక్టర్‌కు కబురు పెడతారు. ఇంత చిన్న మాత్రకు అంత తతంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. అది నేర్పింది సుమారు 240 ఏళ్ల కిందటి ఓ ఇంగ్లిష్ డాక్టర్. పేరు విలియం విథరింగ్.

ఆయన 1741లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, వెల్లింగ్టన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి కూడా వైద్యమే చేసేవారు. ఎడిన్‌బరోలో చదివి 1766లో ఎండీ పట్టా తీసుకున్నారు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయనకు అసలు పడని సబ్జెక్టు వృక్షశాస్త్రం! స్టాఫర్డ్‌లో ప్రాక్టీసు పెట్టాక హెలెనా కుక్స్ అనే అమ్మాయి వైద్యానికి వచ్చింది. ఆమెకు పూల బొమ్మలు వేయడం ఇష్టం. ఆమె బొమ్మల కోసం మొక్కలు ఏరి తేవడం మొదలుపెట్టిన డాక్టర్, 1772లో ఆమెనే పెళ్లి చేసుకున్నారు. మరో నాలుగేళ్లకు బ్రిటన్ మొక్కలపై పెద్ద పుస్తకమే రాశారు. ఈ మొక్కల పిచ్చి లేకపోతే మన కథే లేదు.

1775లో ఆయన బర్మింగ్‌హామ్ వచ్చారు. అదే ఏడాది ఒకరు ఓ నాటు మందు గురించి అభిప్రాయం అడిగారు. ష్రాప్‌షైర్‌లో ఓ ముసలమ్మ కుటుంబ రహస్యంగా దాచుకున్న మందు అది. ఒళ్లంతా నీరు పట్టి, కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరి ఆడనివాళ్లకు ఇచ్చేది. డాక్టర్లు చేతులెత్తేసిన కేసులు కూడా కొన్ని ఆమె దగ్గర బాగయ్యేవట. అందులో ఇరవైకి పైగా ఆకులు అలములు ఉన్నా, పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్కేనని విథరింగ్ ఇట్టే పట్టేశారు. (ఆ ముసలమ్మకు మదర్ హట్టన్ అని పేరు పెట్టి కథలు చెబుతుంటారు. ఆ పేరు 20వ శతాబ్దంలో ఓ మందుల కంపెనీ ప్రకటనలో పుట్టింది. నమ్మకండి.)

మొక్కను గుర్తుపట్టడం నిజానికి చిన్న పని. అది విషపు మొక్క అని పల్లెల్లో అందరికీ తెలుసు. మన పెరట్లో ఉండే పచ్చగన్నేరులో ఉన్నదీ అదే జాతి విషం. ఆ పప్పు మింగినవాళ్లను మా క్యాజువాలిటీకి తెస్తుంటారు. మానిటర్ మీద గుండె వేగం కళ్లముందే పడిపోతుంటుంది. అలాంటి విషాన్ని మందుగా ఇవ్వాలంటే ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలియాలి. విథరింగ్ ఆ పని మీద పదేళ్లు పెట్టారు.

ఆయన దగ్గరికి ఉచితంగా చూపించుకోవడానికి ఏటా రెండు మూడు వేల మంది పేదలు వచ్చేవారు. మొదట్లో ఆయన కూడా ఎక్కువ మోతాదే ఇచ్చారు. వాంతులైతేనే ఒంట్లో నీరు పోతుందని అప్పటి నమ్మకం. వాంతులు అక్కర్లేదని, తక్కువ మోతాదులో ఇస్తేనే మూత్రం బాగా వచ్చి వాపు తగ్గుతోందని మెల్లగా గమనించారు. వేరు బలం కాలాన్ని బట్టి మారుతుందని దాన్ని మానేశారు. పూత సమయంలో కోసిన ఆకును ఎండబెట్టి, పొడి చేసి, తూకం వేసి ఇచ్చారు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఒకటి నుంచి మూడు గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు.

1785లో ఇదంతా పుస్తకంగా వేశారు. తాను వైద్యం చేసిన 163 మంది వివరాలు వరసగా ఇచ్చారు. బాగుపడినవాళ్లను మాత్రమే ఏరి రాస్తే పేరొస్తుందని ఆయనకు తెలుసు. అయినా పని చేయనివి, వికటించినవి, చనిపోయినవాళ్లవి అన్నీ రాశారు. నాకు ఆ పుస్తకంలో నచ్చేది అదే. మోతాదు మించితే వికారం, వాంతులు, విరేచనాలు, తల తిరగడం, వస్తువులు పచ్చగా పసుపుగా కనిపించడం, నాడి నిమిషానికి 35కు పడిపోవడం, చివరికి మరణం... ఇవన్నీ అందులో ఉన్నాయి. మూత్రం మీద, కడుపు మీద, నాడి మీద, విరేచనం మీద వీటిలో దేనిపైన మందు ప్రభావం కనిపించినా వెంటనే ఆపేయాలన్నది ఆయన నియమం. నిన్నటి డోసు ప్రభావం తేలకముందే మళ్లీ మళ్లీ ఇవ్వొద్దనీ హెచ్చరించారు.

ఎందుకో ఇప్పుడు మనకు తెలుసు. కిడ్నీలు బాగున్నవాళ్లలో కూడా డిగాక్సిన్ సగం బయటికి పోవడానికి సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది. కిడ్నీలు దెబ్బతింటే రోజుల తరబడి ఒంట్లోనే పేరుకుంటుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మీ నాన్నగారికో అత్తగారికో ఈ మాత్ర రాస్తే, క్రియాటినిన్ పరీక్ష ఎందుకు అడుగుతామో ఇప్పుడు అర్థమైందిగా? పొటాషియం సంగతీ అంతే. నీరు తగ్గడానికి వాడే లాసిక్స్‌లాంటి మాత్రలతో పొటాషియం పోతుంది. అది తగ్గిన గుండె మీద మామూలు డోసు కూడా విషంలా పనిచేయగలదు.

పుస్తకం వచ్చాక విథరింగ్‌కు సుఖమేమీ దొరకలేదు. ఆయన్ను బర్మింగ్‌హామ్‌కు రమ్మన్న స్నేహితుడు ఎరాస్మస్ డార్విన్ (పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌కు తాత) ఫాక్స్‌గ్లోవ్ గురించి ఈయన పేరెత్తకుండా రాయడంతో ఇద్దరికీ చెడింది. ఇక మిగతా డాక్టర్లు నియమాలు వదిలేసి, మందును మాత్రం పట్టుకున్నారు. ప్రతి జబ్బుకూ, ఇష్టమొచ్చిన డోసులో ఇచ్చి దానికి చెడ్డపేరు తెచ్చారు. ఆయనకేమో ఊపిరితిత్తుల్లో క్షయ. చలికాలం తట్టుకోలేక కొంతకాలం పోర్చుగల్ కూడా వెళ్లొచ్చారు. 1799 అక్టోబర్ 6న, 58 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎడ్జ్‌బాస్టన్ చర్చిలో ఆయన స్మారక ఫలకం మీద ఫాక్స్‌గ్లోవ్ మొక్కను చెక్కారు.

ఆ జాతిలోనే మరో మొక్క నుంచి 1930లో డిగాక్సిన్‌ను వేరుచేశారు. ఇప్పుడు ఇంతకన్నా మంచి గుండె మందులు ఉన్నాయి. ఇది ఆయుష్షు పెంచదు కానీ, గుండె బలహీనమైనవాళ్లు మళ్లీ మళ్లీ హాస్పిటల్లో చేరడాన్ని తగ్గిస్తుందని 1997లో వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు పాడై, నాడి గతి తప్పినవాళ్లకు మా వార్డులో ఇప్పటికీ వాడుతున్నాం.

మీ ఇంట్లో ఎవరైనా లానాక్సిన్ లేదా డిగాక్సిన్ వాడుతుంటే, మాత్ర వేసే ముందు నిమిషం పాటు నాడి చూడటం సిస్టర్‌ను అడిగి నేర్చుకోండి. నాడి గతి తప్పినవాళ్లలో కొన్ని కొట్టుకోవడాలు మణికట్టు దాకా అందవు. అందుకే సిస్టర్ స్టెత్ పెడతారు. పెద్దాయన రెండు రోజులుగా అన్నం వద్దంటున్నా, వికారమన్నా, చూపు పసుపుగా ఉందన్నా, మాటల్లో తికమక పడుతున్నా గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర ఇచ్చి ఊరుకోకండి. ఆ రోజు డిగాక్సిన్ ఆపి డాక్టర్‌కు చూపించండి. ఒక పూట మర్చిపోతే మరుసటి పూట రెండు వేయకండి. మన దగ్గర చాలామంది డాక్టర్లు దీన్ని వారానికి 5 రోజులే వేసుకోమని రాస్తారు. నేనైతే కిడ్నీకి తగ్గ చిన్న డోసు రోజూ ఇవ్వడానికే మొగ్గుతాను. మీ డాక్టర్ ఎలా రాస్తే అలాగే వాడండి, ఏ రెండు రోజులు మానాలో మాత్రం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. రక్తంలో డిగాక్సిన్ ఎంతుందో చూసే పరీక్ష రాస్తే, మాత్ర వేసుకున్నాక కనీసం 6 గంటలు గడిచాకే రక్తం ఇవ్వాలి. ముందే ఇస్తే లెక్క ఎక్కువగా చూపిస్తుంది. శాంపిల్ తీసేవాళ్లకు మాత్ర వేసుకున్న టైమ్ చెప్పండి.