జాన్ న్యూటన్: పెద్ద పాపము, చిన్న పాపము

పాపములన్నియు దేవుని యెదుట సమానమేనా, లేక వాటిలో పెద్దవి, చిన్నవి కలవా? బైబిలు తరగతులలోను, గృహ దర్శనములలోను సంఘస్థులు మమ్మును తరచుగా అడుగు ప్రశ్న ఇది. దీనికి వాదములతో జవాబు చెప్పుటకంటె ఒక దైవజనుని జీవితమును చదువరుల ముందుంచుట మేలని మేము తలంచితిమి. ఆయనే అమేజింగ్ గ్రేస్ అను కీర్తనను రచించిన జాన్ న్యూటన్.

న్యూటన్ 1725లో లండనులో జన్మించెను. తండ్రి ఓడ కెప్టెను. భక్తురాలైన తల్లి బాల్యముననే వాక్యమును నేర్పెను గాని, ఆయనకు ఏడేండ్లు నిండకమునుపే మరణించెను. పదకొండవ ఏట తండ్రితోకూడ ఓడ ఎక్కెను. 1744లో ఆయనను బలవంతముగా యుద్ధనౌకలోనికి పట్టుకొనిపోయిరి. అక్కడనుండి పారిపోయి, పట్టుబడి, కొరడా దెబ్బలు తినెను. పిమ్మట పశ్చిమ ఆఫ్రికా తీరమున బానిసల వ్యాపారి యొకని యొద్ద చేరి, ఆకలితోను జ్వరముతోను అలమటించెను. ఆ దినములలో నావికులే వెరగుపడునంతగా ఆయన దేవదూషణ చేయుచుండెను.

1748 మార్చి నెలలో, స్వదేశమునకు తిరిగివచ్చుచుండగా, గొప్ప తుపానులో ఓడ బ్రద్దలై నీటితో నిండెను. రేయింబగళ్లు నీరు తోడుచు, చుక్కాని పట్టుచు, న్యూటన్ దేవుని కనికరమును వేడుకొనెను. ఓడ ఎట్టకేలకు ఐర్లండు తీరము చేరెను. బ్రదుకంతయు ఆ దినమును ఆయన కృతజ్ఞతతో ఆచరించెను.

అటుపిమ్మట ఏమి జరిగెనో గమనింపవలెను. ఆయన దేవదూషణ మానెను, ప్రార్థన నేర్చుకొనెను. అయితే ఆ సంవత్సరమే బానిసల ఓడలో ఉద్యోగిగా బయలుదేరెను. 1750 మొదలు 1754 వరకు కెప్టెనుగా మూడు ప్రయాణములు చేసెను. ఆదివారమున ఓడ పైతట్టున నావికులతో ఆరాధన జరిపించెను. ఆ అడుగుననే ఆఫ్రికా దేశస్థులు సంకెళ్లలో పడియుండిరి. ఒక ప్రయాణములో, తిరుగుబాటునకు తోడ్పడిరని అనుమానించి, బాలుర బొటనవ్రేళ్లకు ఇనుప మరలు బిగించి విచారణ చేసెను. ఇది ఆయన దాచిన సంగతి కాదు. లోకమంతయు న్యాయమైన జీవనోపాధి యనుకొనగా ఆయనయు అట్లే యనుకొనెను. 1754లో ఓడ పని మానుటకు కారణము మనస్సాక్షి కాదు, ఆకస్మికముగా వచ్చిన జబ్బు.

తరువాత లివర్‌పూల్ రేవులో ప్రభుత్వోద్యోగము చేసి, 1764లో గురుత్వాభిషేకము పొంది, ఓల్నీ గ్రామ సంఘమునకు కాపరి యాయెను. 1779లో కవి కౌపర్‌తో కలిసి ఓల్నీ కీర్తనలను ప్రచురించెను. 1780లో లండనులోని సెయింట్ మేరీ ఉల్నాత్ దేవాలయమునకు వచ్చెను. 1764లో వెలువరించిన స్వీయచరిత్రలో యౌవనకాలపు దూషణను గూర్చి ఎంతో దుఃఖించెను. బానిసల వ్యాపారమునైతే మనసుకు గిట్టని వృత్తిగా మాత్రమే చూపెను.

1785లో పార్లమెంటు సభ్యుడగు విల్బర్‌ఫోర్స్ రహస్యముగా ఆయన ఆలోచన కోరివచ్చెను. రాజకీయములను విడువవద్దని న్యూటన్ ఆయనకు బోధించెను. 1788లో ఆ వ్యాపారమును గూర్చి ఒక పుస్తకము ప్రకటించి, అందు తన పాలును బహిరంగముగా ఒప్పుకొనెను. ప్రభుత్వ విచారణలలో సాక్ష్యమిచ్చెను. తుపాను నాటికిని ఈ ఒప్పుకోలునకును నడుమ నలుబది ఏండ్లు గడచెను. 1807 మార్చిలో ఆ వ్యాపారమును నిషేధించు చట్టము వచ్చెను. అదే సంవత్సరము డిసెంబరు 21న ఆయన ప్రభువునందు నిద్రించెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ప్రతి పాపమునకును క్రీస్తు రక్తమే అవసరము; ఈ విషయములో చిన్న పాపము లేదు. అయినను తన్ను అప్పగించినవానికి ఎక్కువ పాపము కలదని ప్రభువే పిలాతుతో చెప్పెను. పుదీనాలో దశమభాగమిచ్చి, న్యాయమును కనికరమును విడిచినవారిని ఆయన గద్దించెను. కాబట్టి పాపములకు బరువులో భేదము కలదు. రోమను సంఘము మరణకరమైన పాపములనియు, స్వల్ప పాపములనియు విభజించినది. వెస్ట్‌మినిస్టర్ ప్రశ్నోత్తరి ఆ విభజన చేయకపోయినను, పాపములన్నియు సమానముగా ఘోరమైనవి కావని బోధించుచున్నది.

అయితే తూచు త్రాసు ఎవరిది? న్యూటన్ త్రాసులో మొదట నాలుక పాపమే బరువుగా తూగెను. వందలాది మనుష్యుల కన్నీరు తేలిపోయెను. ఆచారము అంగీకరించిన పాపము మనకు ఎల్లప్పుడు తేలికగానే కనబడును. త్రాగినవానిని ప్రభువు బల్లకు దూరము చేసి, కూలివాని జీతము బిగబట్టినవానిని, కట్నము కొరకు కోడలిని ఏడిపించినవానిని, కులము చూచి సహోదరుని తక్కువచేసినవానిని ముందు వరుసలో కూర్చుండబెట్టు సంఘము తన త్రాసును సరిచూచుకొనవలెను. పాపములన్నియు ఒక్కటే అను మాట చాటున పెద్ద పాపము దాగియుండవచ్చును. దాగినదానిని ఎంత ఆలస్యముగానైనను వెలుగులోనికి తెచ్చి, దానిని మాన్పుటకు పాటుపడుటయే మారుమనస్సుకు తగిన ఫలమని మేము నమ్ముచున్నాము.