హజ్రత్ షమూయేల్ (అలైహిస్సలాం) - రాజులు లేని రోజుల్లో ఒక పెద్ద

రంజాన్ వచ్చిందంటే మొదటి ఒకటి రెండు రాత్రుల తరావీలోనే హాఫిజ్ సాహెబ్ రెండవ పారా ముగిస్తారు. ఆ పారా చివర, సూరా బఖరా 246వ ఆయత్ నుండి, తాలూత్ జాలూత్‌ల వృత్తాంతం వస్తుంది. అరబీ తెలియని మనలో చాలామందిమి అది విని రుకూకు వెళ్ళిపోతాము. అందులో తాలూత్ పేరు ఉంది, జాలూత్ పేరు ఉంది, హజ్రత్ దావూద్ (అ) పేరు ఉంది. కాని ఆ వ్యవహారమంతా ఎవరి చేతుల మీదుగా నడిచిందో ఆ ప్రవక్త పేరు మాత్రం లేదు. మూసా (అ) తరువాత బనీ ఇస్రాయీల్ పెద్దలు తమ ప్రవక్త వద్దకు వచ్చి తమకొక రాజును నియమించమన్నారని మాత్రమే ఉంది. ఆ ప్రవక్త హజ్రత్ షమూయేల్ అని చాలామంది ముఫస్సిర్ల అభిప్రాయం. యూషా (అ) అన్నవారూ ఉన్నారుగాని, యూషా మూసా వెంట నడిచినవారు, దావూద్ కాలానికి చాలా తరాల ముందువారు, కనుక అది పొసగదని ఇబ్నె కసీర్ రాశారు. మన క్రైస్తవ సోదరులు ఈయననే సమూయేలు అంటారు. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో రేవులోనూ రైల్వేలోనూ స్టీల్ ప్లాంటులోనూ మన పక్కనే పనిచేస్తుంటారు.

ఆయన బాల్యం, ఇంటి సంగతులు పాత యూద గ్రంథాల నుండి వచ్చినవి. ఖుర్ఆన్ చెప్పినదాన్ని నమ్ముతాము. అది మౌనంగా ఉన్న చోట ఆ గ్రంథాల మాటను అవుననకుండా, కాదనకుండా వింటాము. ఈ సంగతి ముందే చెప్పుకుని ముందుకు పోదాము.

అది క్రీస్తు పూర్వం 11వ శతాబ్దం. బనీ ఇస్రాయీల్ పన్నెండు తెగలుగా ఫలస్తీనా కొండల్లో పల్లెలు కట్టుకుని బతుకుతున్నారు. రాజు లేడు, రాజధాని లేదు, పన్ను లేదు, జీతమిచ్చి పోషించే సైన్యం లేదు. ఆపద వచ్చినప్పుడు ఒక మనిషి లేచేవాడు, తెగలు అతని వెనుక కూడేవి. ఆపద తీరాక అతను జనానికి తీర్పులు చెబుతూ ఉండిపోయేవాడు. అతని కొడుక్కి ఆ స్థానం రావాలన్న నియమం లేదు. ఇటువంటివారిని హీబ్రూలో షోఫేత్ అన్నారు. తెలుగు బైబిలులో న్యాయాధిపతి అని వేశారుగాని, ఉత్త కోర్టు జడ్జీ కాదు. మన పల్లెల్లో పెద్దమనిషికీ, సేనాపతికీ నడుమ ఉండే మనిషి అనుకోవచ్చు. దెబోరా అనే స్త్రీ ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని తగాదాలు తీర్చేది. గిద్యోను అనే వీరుణ్ణి జనం రాజుగా ఉండమంటే, తానూ ఉండనని, తన కొడుకూ ఉండడని తోసిపుచ్చాడు. అతను పోయాక కొడుకుల్లో ఒకడు తన డెబ్భైమంది అన్నదమ్ముల మీద కత్తి కట్టి, తప్పించుకున్న ఒక్కణ్ణి వదిలి తక్కినవాళ్ళను చంపి, మూడేళ్ళు రాజరికం వెలగబెట్టాడు.

అటువంటి రోజుల్లో హన్నా అనే బిడ్డలు లేని తల్లి దుఆ ఫలితంగా షమూయేల్ పుట్టారు. అల్లాహ్ నా మొర విన్నాడు అన్న అర్థంలో ఆ పేరు పెట్టిందని ముఫస్సిర్లు రాశారు. మొక్కుకున్న ప్రకారం పాలు మరవగానే పిల్లవాణ్ణి షీలో అనే ఊళ్ళోని ఆరాధనా స్థలానికి అప్పగించి, ఏటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళి తొడిగి వచ్చేది. ఎదిగే పిల్లవాడు కదా, నిరుటి అంగీ ఈ ఏడు పట్టదు.

షీలోలో పెద్ద ఏలీ అనే వృద్ధుడు. మంచివాడే, కాని కొడుకులిద్దరూ చెడ్డవాళ్ళు. జనం ఖుర్బానీకి తెచ్చిన మాంసం కుండలో ఉడుకుతుండగానే మూడు ముళ్ళ కొంకి గుచ్చి, ఎంత వస్తే అంత లాక్కునేవారు. ఇవ్వనన్నవాడి దగ్గర బలవంతంగా తీసుకునేవారు. ఏలీ మందలించాడు, అంతకుమించి ఏమీ చెయ్యలేదు. ఒక రాత్రి కుర్ర షమూయేల్‌కు పిలుపు వినిపించింది. ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు లేచి పరుగెత్తాడు. అది అల్లాహ్ పిలుపని ముసలాయనే గ్రహించి, ఈసారి వినిపిస్తే పడుకునే బదులివ్వమని చెప్పాడు. నాలుగోసారి అందిన సందేశం ఏమిటంటే, కొడుకుల నేరం తెలిసీ అడ్డుకోనందుకు ఏలీ ఇల్లు కూలిపోతుందని. తెల్లవారాక ఆ మాట తనను సాకిన మనిషితో చెప్పడానికి పిల్లవాడు భయపడ్డాడు. ఏలీ పట్టుబట్టి అడిగితే ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాడు.

అలాగే జరిగింది. సముద్రతీరాన గాజా మొదలైన అయిదు పట్టణాల్లో ఉండే ఫిలిష్తీయులతో యుద్ధం వచ్చింది. బనీ ఇస్రాయీల్‌వారు మూసా, హారూన్‌ల వంశాల గురుతులున్న తాబూత్‌ను యుద్ధరంగానికి మోసుకెళ్ళారు, అది ఉంటే చాలు గెలుపు తమదేనని. ఓడిపోయారు. తాబూత్ శత్రువుల పాలైంది, ఏలీ కొడుకులిద్దరూ చచ్చిపోయారు. ఆ కబురు వినగానే 98 ఏళ్ళ ఏలీ పీఠం మీదినుండి వెల్లకిలా పడి మెడ విరిగి పోయాడు. ఈ ఫిలిష్తీయుల పట్టు ఎక్కడ ఉందో ఉక్కు నగరంలో ఉన్న మనకు తొందరగా బోధపడుతుంది. కొండల మీద కమ్మరి అనేవాడే లేకుండా చేశారు. తాలూత్ కాలం దాకా బనీ ఇస్రాయీల్ రైతు నాగటి కర్రు, గొడ్డలి పదును పెట్టించుకోవాలన్నా శత్రువు కొలిమికే దిగి వెళ్ళాలి. కర్రు పదునుకు కూలి ఒక పీమ్, అంటే సుమారు ఏడున్నర గ్రాముల వెండి. ఆ తూకపు రాళ్ళు తవ్వకాల్లో దొరికాయి.

చెదిరిన ఆ జనాన్ని షమూయేల్ మళ్ళీ కూడగట్టారు. మిస్పాలో అందరినీ పిలిచి, విగ్రహాలు వదలమని, తౌబా చెయ్యమని చెప్పారు. ఆ తరువాత ఆయన చేసిన పని పైకి చిన్నదిగా కనబడుతుంది. ఏటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి, ఎక్కడికక్కడ జనం తగాదాలు విని తీర్పు చెప్పి, సొంత ఊరు రామాకు తిరిగి వచ్చేవారు. మనిషి న్యాయం వెతుక్కుంటూ పోవడం కాకుండా న్యాయమే మనిషి ఊరికి వచ్చేది. ఆయన చేతిలో సైన్యం లేదు. ఆ మాట చెల్లడానికి ఆయన మీద జనానికున్న నమ్మకం తప్ప వేరే ఆధారం లేదు.

ముసలితనంలో కొడుకులిద్దరినీ దక్షిణాన బెయెర్షెబాలో తీర్పరులుగా పెట్టారు. వాళ్ళు లంచం తిని తీర్పులు తిప్పేశారు. ఏలీ ఇంటి సంగతి ఏలీకే చెప్పిన పిల్లవాడి ఇంట్లోనే ఇది జరిగిందంటే మాకు చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. ప్రవక్తల విషయంలో నోరు జాగ్రత్తగా ఉంచుకోవాలి, తప్పు కొడుకులదే. అయినా హజ్రత్ ఉమర్ (ర) హిజ్రీ 23లో చివరి గడియల్లో ఆరుగురి సంఘాన్ని వేసినప్పుడు, కొడుకు అబ్దుల్లాహ్ సలహా చెప్పవచ్చుగాని ఎన్నిక కాకూడదని కట్టడి చేశారు. అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (ర) వంటి పరహేజ్‌గార్ కొడుకు విషయంలోనే అంత జాగ్రత్త!

పెద్దలు వచ్చి రాజు కావాలన్నారు. కొడుకుల ఫిర్యాదు ఒకటి, ఫిలిష్తీయుల భయం ఒకటి. తీరా యుద్ధం విధిస్తే వెనుకాడతారేమోనని ప్రవక్త అడిగారని, ఇళ్ళనుండి, పిల్లలనుండి వెళ్ళగొట్టబడిన తాము ఎందుకు పోరాడమని వాళ్ళన్నారని, సమయం వచ్చాక కొద్దిమంది తప్ప అందరూ తిరిగిపోయారని ఖుర్ఆన్ చెబుతోంది. రాజు వస్తే మీ కొడుకులను రథాల ముందు పరిగెత్తిస్తాడని, మంచి పొలాలు లాక్కుంటాడని, పంటలో పదో వంతు తీసుకుంటాడని షమూయేల్ హెచ్చరించినట్లు యూద గ్రంథం అంటుంది. వినలేదు.

అల్లాహ్ నియమించిన తాలూత్ అన్నిటిలోకీ చిన్న తెగవాడు. నీళ్ళు మోసేవాడని కొందరు, తోలు పదును చేసేవాడని కొందరు ముఫస్సిర్లు రాశారు. పెద్దలకు కోపం వచ్చింది. తామే ఎక్కువ హక్కుదారులమని, ఇతని దగ్గర ధనం లేదని వాదించారు. అల్లాహ్ ఎన్నుకున్నాడని, జ్ఞానంలోనూ దేహబలంలోనూ విస్తారంగా ఇచ్చాడని ప్రవక్త జవాబు చెప్పారు. తాబూత్ తిరిగి రావడమే గుర్తు అన్నారు, వచ్చింది. డబ్బున్నవాడే అధ్యక్షుడు కావాలన్న వాదన మన జమాతుల్లోనూ అప్పుడప్పుడు వినబడుతుంది. ఆ వాదన వయసు మూడు వేల ఏళ్ళన్నమాట.

అధికారం అప్పజెప్పిన రోజున షమూయేల్ చేసిన పని మాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. జనం మధ్య నిలబడి, కొత్త రాజు ఎదుటే, తన జీవితం లెక్క అడగమన్నారు. ఎవరి ఎద్దును తీసుకున్నాడు, ఎవరి గాడిదను తోలుకుపోయాడు, ఎవరిని బాధించాడు, ఎవరి చేతి లంచంతో కళ్ళు మూసుకున్నాడు, చెప్పమన్నారు. ఉంటే తిరిగి ఇచ్చేస్తానన్నారు. తన కొడుకులు కూడా వారి మధ్యనే ఉన్నారని తానే గుర్తు చేశారు, దాచలేదు. ఏమీ తీసుకోలేదని జనమంతా సాక్ష్యమిచ్చారు. మన సర్వసభ్య సమావేశాల్లో కోశాధికారి లెక్క చదువుతుంటే టీ వచ్చిందా అని తలుపు వైపు చూసేవాళ్ళమే ఎక్కువ. అక్కడ మాత్రం అడగమన్నవాడూ మనసారా అడిగాడు, వినేవాళ్ళూ విన్నారు.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. నది దగ్గర తాలూత్ పెట్టిన పరీక్ష, దోసెడు మించి తాగనివాళ్ళు కొద్దిమందే మిగలడం, దావూద్ చేతిలో జాలూత్ చావడం. నది దాటినవారు మూడు వందల పది పైచిలుకు, బద్ర్‌లో మన సహాబాల సంఖ్య కూడా అంతేనని బుఖారీలో హదీసు ఉంది.

షమూయేల్ చనిపోయినప్పుడు జనమంతా కూడి ఏడ్చి, రామాలో ఆయన ఇంటి దగ్గరే ఖననం చేశారు. బైతుల్ ముఖద్దస్‌కు వాయవ్యంగా ఎత్తైన కొండ మీద ఉన్న నబీ సమ్వీల్ ఆయన మజార్ అని జనశ్రుతి. రేవులోకి వచ్చే ఓడలకు మన దర్గా కొండ ఎలా కనబడుతుందో, అక్కడ చుట్టూ ఊళ్ళకు ఆ కొండ అలా కనబడుతుంది. 1099లో క్రూసేడర్లు బైతుల్ ముఖద్దస్‌ను మొదట చూసింది ఆ కొండ మీదినుండే. 1917లో ఇంగ్లీషువాళ్ళకూ తుర్కులకూ జరిగిన యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు మసీదు మినార్ కూలింది, తరువాత మళ్ళీ కట్టారు. పైన మసీదులో ముస్లింలు నమాజ్ చదువుతారు, కింద గుహలో సమాధి దగ్గర యూదులు ప్రార్థన చేసుకుంటారు.