దారి కోసం దోసిలి పట్టిన మనిషి : ఆక్టేవియా హిల్

మన విశాఖపట్నంలో కొండని చూడాలంటే ఎక్కడికీ ప్రయాణం కట్టనక్కర్లేదు. ఏ వీధి చివర నిలబడి తలెత్తినా కొండే. యారాడ కొండ ఓడరేవుకి కాపలా కాస్తూ సముద్రంలోకి ముక్కు చాచి ఉంటుంది. సింహాచలం కొండల వరస ఊరికి గోడలా నిలబడి ఉంటుంది. ఆ పక్కనే కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఆ అడవి 2002లో వన్యప్రాణుల అభయారణ్యం అయింది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న మహానగరానికి ఇంత దగ్గరగా ఇంత అడవి ఉండడం మన అదృష్టం. అయితే పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, దగ్గరగా ఉంది గనకే దాని మీద మనకి చిన్నచూపు. ఆదివారం వెళతాం, తింటాం, తిన్న పొట్లాం అక్కడే పారేసి వస్తాం.

మరి ఆ కొండదారుల్ని ఎవరు చూసుకోవాలి? అటవీశాఖ అని కొందరంటారు, కార్పొరేషన్ అని కొందరంటారు. నడిచేవాళ్ళే చూసుకోవాలని అనేవాళ్ళు తక్కువ. నడిచేవాళ్ళూ, నడవలేనివాళ్ళూ, ఆఖరికి ఆ దారిని ఎన్నడూ చూడబోనివాళ్ళూ కూడా తలో చెయ్యీ వేసి కాపాడుకోవచ్చని ఒక స్త్రీ చేసి చూపించింది. ఆమె పేరు ఆక్టేవియా హిల్. మన దేశం తెల్లవాళ్ళ ఏలుబడిలో ఉన్న రోజుల్లో, ఆ ఏలేవాళ్ళ రాజధాని లండనులోనే ఊపిరాడక చస్తున్న పేదల మధ్య ఆమె పనిచేసింది. ఆమె జీవితం నుంచి విశాఖ విద్యార్థులం మనం నేర్చుకోదగినది చాలా ఉందని నా అభిప్రాయం. అంచేత ఈ నాలుగు మాటలు.

1838 డిసెంబరు 3న ఇంగ్లండులోని విజ్‌బీచ్ అనే చిన్న ఊళ్ళో ఆమె పుట్టింది. తండ్రికి ఎనిమిదో కూతురు, అందుకే ఆ పేరు. తండ్రి ధాన్యం వ్యాపారి, బాంకరు కూడాను. ఆమెకి రెండేళ్ళు నిండేలోపునే, 1840లో, ఆయన దివాలా తీశాడు. సంసారం తల్లి మీద పడింది. తల్లికి తండ్రి, డాక్టర్ సౌత్‌వుడ్ స్మిత్, ఆదుకున్నాడు. మురికివాడల్లో జ్వరాలు ఎందుకు పుడుతున్నాయో ప్రభుత్వానికి నివేదికలు రాసి పోరాడిన వైద్యుడాయన. గాలీ వెలుతురూ లేకపోతే మనిషి బతకడన్న పాఠం ఆ పిల్లకి తాతగారి ఒళ్ళోనే అబ్బింది.

పద్నాలుగేళ్ళకే ఆమెకి ఉద్యోగం. మురికివాడల బడుల్లో చదివే పేద ఆడపిల్లలు బొమ్మలు చేసే పనిశాల ఒకటి ఉండేది. దానికి పెద్ద దిక్కు ఈ పద్నాలుగేళ్ళ పిల్లే. పని చెప్పడంతో సరిపెట్టుకోకుండా ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి బయట పొలాలకీ చెట్ల నీడలకీ నడిపించుకు వెళ్ళేది. ఇరుకు సందుల్లో పెరిగిన ఆ పిల్లలకి పచ్చిక మీద అడుగు పెట్టడమే వింత. నడకా, గాలీ, ఆకాశమూ కలవాళ్ళ విలాసాలు కావనీ, అన్నం వంటి అవసరాలనీ ఆమె అప్పుడే గ్రహించింది.

తరవాత ప్రసిద్ధ రచయిత జాన్ రస్కిన్ దగ్గర చిత్రాలకి నకళ్ళు తీసే పనిలో చేరింది. 1865లో ఆయన డబ్బు పెట్టి మేరిల్‌బోన్ పేటలో మూడు పాతిళ్ళు కొని ఆమె చేతికిచ్చాడు. పెట్టుబడి మీద నూటికి అయిదు వచ్చేలా నడపాలని ఏర్పాటు. ఆమె గోడలు బాగుచేయించింది, కాలవలు తీయించింది. అద్దె వసూలుకి వారం వారం తనే గుమ్మం గుమ్మానికీ తిరిగేది. 1874 నాటికి 15 చోట్ల సుమారు 3,000 మంది అద్దెదార్ల బాగోగులు ఆమె చూస్తోంది. పని పెరిగాక చదువుకున్న ఆడవాళ్ళకి తర్ఫీదిచ్చి తోడు తెచ్చుకుంది. వాళ్ళలో చాలామంది జీతం తీసుకోని సేవకులే. ఉత్సాహం ఉంటే చాలదు, లెక్క రాయడం రావాలి, ఒప్పుకున్న రోజున తప్పకుండా రావాలి. ఇవీ ఆమె పెట్టిన నియమాలు.

ఇళ్ళు బాగుపడ్డాయి సరే, ఆ ఇళ్ళల్లో పిల్లలు ఆడుకోవడానికేదీ చోటు? ఈ ప్రశ్నే ఆమెని కొండలూ బయళ్ళూ వైపు తిప్పింది. 1875లో స్విస్ కాటేజ్ దగ్గర కొన్ని పచ్చిక బయళ్ళలో ఇళ్ళు కట్టబోతున్నారని తెలిసింది. లండను పేదలు నడిచి చేరగల దూరంలో మిగిలిన పచ్చదనం అది. కొనాలంటే 10,000 పౌండ్లు కావాలి. ఆమె చందాలకి పూనుకుంది. కొద్ది వారాల్లోనే చాలా భాగం పోగయింది. గమ్యం కనబడుతుండగా స్థలం యజమానులు అమ్మబోమన్నారు. ఆ బయళ్ళ మీద ఇళ్ళు లేచాయి. ఈనాటికీ అక్కడ ఉన్నవి వీధులూ మేడలే.

ఈ ఓటమి ఆమెకి రెండు సంగతులు నేర్పింది. ఒకటి, పోయిన చెట్టుని మళ్ళీ నాటవచ్చు గానీ కట్టడం కిందకి పోయిన బయలు తిరిగిరాదు. రెండు, ఆపద వచ్చాక జోలె పడితే ఆలస్యమవుతుంది. ముందునుంచే మనుషులుండాలి, సంఘముండాలి, నిధి ఉండాలి.

అక్క మిరండా ఆలోచనతో పుట్టిన కైర్ల్ సొసైటీలో ఖాళీ స్థలాల పని ఆక్టేవియా భుజాన వేసుకుంది. వాడకం లేని పాత శ్మశానాల్ని కూడా అడిగి పుచ్చుకుని తోటలు చేయించింది. హాంప్‌స్టెడ్ హీత్ పక్కనున్న పార్లమెంట్ హిల్ బయళ్ళ కోసం ఆమెతోపాటు ఎందరో ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రజల చందాలూ స్థానిక సంస్థల సొమ్మూ కలిశాయి. 1889లో 200 ఎకరాలకి పైగా నేల అందరి సొత్తయింది. ఇవాళ ఆ గుట్టెక్కి లండను నగరాన్ని చూసేవాళ్ళెవరూ టిక్కెట్టు కొనడం లేదు.

ఈ దారంతా పూలబాట అనుకోకండి. 1877లో రస్కిన్‌తో తగాదా వచ్చింది. ఆయన ఆమెని పత్రికాముఖంగా నిందించాడు. పని భారమూ మనస్తాపమూ కలిసి ఆమె మంచం పట్టింది. కొంతకాలం విదేశాలకి వెళ్ళి కోలుకోవలసి వచ్చింది. తిరిగి వచ్చాక 1884లో కెంట్ జిల్లాలోని క్రాకమ్ హిల్ అనే పల్లెలో ఒక ఇల్లు కట్టుకుంది. అక్కడ కంటబడినవి కాలిబాటలు. తరతరాలుగా జనం నడిచే బాటలకి భూస్వాములు కంచెలు వేసేస్తున్నారు. నడక మానేస్తే బాట మరుగున పడిపోతుంది. అందుకని ఆ చుట్టుపక్కల బాటల రక్షణకి ఆమె సంఘం కూడగట్టింది.

చివరికి 1895లో న్యాయవాది రాబర్ట్ హంటర్, మతాచార్యుడు హార్డ్‌విక్ రాన్స్‌లీలతో కలిసి ఆమె స్థాపించిన సంస్థే నేషనల్ ట్రస్ట్. దానికి మొదట దక్కిన నేల వేల్స్ సముద్రతీరాన బార్మత్ పట్టణం మీద సుమారు అయిదెకరాల కొండవాలు. ఫ్యానీ టాల్బట్ అనే ఆవిడ దానం చేసింది. కింద ఊరు, ఎదురుగా సముద్రం, పైన గడ్డీ రాళ్ళూ. కైలాసగిరి మీంచి కిందకి చూసినవాళ్ళకి ఆ చోటు ఊహించుకోవడం కష్టం కాదు. 1902లో సరస్సుల సీమలో బ్రాండెల్‌హౌ అనే 108 ఎకరాల అడవిని 6,500 పౌండ్లు పోగుచేసి కొన్నారు. ఆ డబ్బు ఏ ఒక్క జమీందారో ఇచ్చింది కాదు. పారిశ్రామిక పట్టణాల కార్మికులు సైతం తమకి చేతనైనంత పంపారు. 1907లో వచ్చిన చట్టం వల్ల ట్రస్టు తన నేలల్ని ఎన్నటికీ అన్యాక్రాంతం కాకుండా ప్రకటించుకోగలిగింది. ఇవాళ ఆ సంస్థకి 50 లక్షలకి పైగా సభ్యులున్నారు. కొండబాటల రాళ్ళు సర్దేది, కంచెలు బాగుచేసేది చాలాచోట్ల స్వచ్ఛంద సేవకులే.

ఇంత డబ్బు జనం ఆమెని నమ్మి ఎందుకిచ్చారు? నా దృష్టిలో ఈ జీవితం మొత్తానికీ తాళంచెవి ఇక్కడ ఉంది. 1872 నుంచి 1911 దాకా ఏడాదికొకసారి ఆమె తన తోటి సేవకులకి లేఖ రాసి అచ్చువేయించింది. ఏ పని అయింది, ఏది కాలేదు, ఎవరిచ్చిన సొమ్ము దేనికి ఖర్చయింది, అన్నీ అందులో ఉండేవి. సుమారు నలభై ఏళ్ళు! ఇచ్చిన చేతికి లెక్క చెప్పడం ఆమెకి మర్యాద మాత్రమే కాదు, మళ్ళీ అడగడానికి అర్హత.

ఆమెని దేవతని చేసి పూజించమని నేననడం లేదు. స్త్రీలకి ఓటుహక్కు వద్దంది. వృద్ధులకి ప్రభుత్వం పింఛనివ్వడాన్ని వ్యతిరేకించింది. పేదలకి ఇళ్ళు కట్టడం మునిసిపాలిటీల పని కాదంది. ఈ మాటల్లో కాలం ఆమెని ఓడించింది, ఓడించడం మంచిదే అయింది. సేవకులు ఎంత పనిచేసినా ప్రభుత్వం బాధ్యత ప్రభుత్వానిదే. అటవీశాఖ చేయవలసిన కాపలా విద్యార్థులు చేయలేరు, చేయకూడదు కూడా. ఆ మేరకి ఆమెతో విభేదిస్తూనే, ఆమె పట్టుదల ముందు తలవంచుతాను.

ఇక మన సంగతి. సేవ చేసే గుణం విశాఖ జనానికి కొత్తగా నేర్పక్కర్లేదు. ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ చూడండి. 32 కిలోమీటర్ల దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పొట్లాలు. ఇచ్చేవాళ్ళ పేరెవరూ అడగరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరినీ మన యూనివర్సిటీ ఆవరణనీ మోడు చేసి పోయినప్పుడు, పడిన చెట్లు తొలగించడానికీ కొత్త మొక్కలు నాటడానికీ కుర్రకారు ఎగబడింది. ఒక్క రోజు పండగకీ, ఒక్కసారి వచ్చిన ఆపదకీ మన చేతులు చాలినన్ని ఉన్నాయి. కొరత మామూలు రోజులకి. వాన వెలిసిన మర్నాడు గండిపడిన బాటలో నాలుగు రాళ్ళు వేయడానికి, వేసవిలో ఎండుగడ్డికి నిప్పంటకుండా కన్నేసి ఉంచడానికి, ప్రతి నెలా గోనెసంచి పట్టుకుని చెత్త ఏరడానికి మనిషి దొరకడు.

నేనూ స్నేహితులూ కలిసి కొండదారి శుభ్రం చేసే పనికి చేతితొడుగులూ సంచులూ కొనడానికని చందా పుస్తకం పట్టుకుని వీధిన పడ్డాం. మా వీధి కిరాణాకొట్టు పెద్దాయన పది రూపాయలు ఇవ్వబోతూ ఒక్క ప్రశ్న వేశాడు. ఈ డబ్బు ఏమైందో మళ్ళీ వచ్చి చెబుతావా అని. చెబుతానన్నాను. పని అయ్యాక ఖర్చుల చిట్టా ఆయన చేతిలో పెట్టాం. కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, ఈసారి అడక్కుండానే యాభై తీసి ఇచ్చాడు. ఆక్టేవియా లేఖల రహస్యం నాకు పుస్తకంలో కంటే ఆ కొట్టు దగ్గరే బాగా బోధపడింది.

ఆమె 1912 ఆగస్టు 13న కన్నుమూసింది. తను కాపాడిన గుట్టల దగ్గరే, క్రాకమ్ హిల్‌లో ఆమె సమాధి ఉంది.

మిత్రులారా, ఈ సంచిక కూడా చందాలూ ప్రకటనలూ పోగుచేసి మనం తెచ్చుకున్నదే. అడగడం మనకి వచ్చు, పనిచేయడం వచ్చు. వచ్చే ఏటి సంచికలో ఒక పేజీ కంబాలకొండ బాటల జమాఖర్చులకి కేటాయించుకుందాం. ఎన్ని గోనెసంచులు నిండాయి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరు ఎన్ని రోజులు వచ్చారు. అంతే. ఆ పేజీ ఏటేటా అచ్చవుతూ ఉంటే, మన తరవాత వచ్చే పిల్లలు తలెత్తి చూసేసరికి అక్కడ కొండ ఉంటుంది, కొండకి దారీ ఉంటుంది.